పహాణీలో లేని లెక్క
(బొగ్గు గనుల మీద కుంగే నేల – కొలతల చరిత్ర)

మన సంఘం ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసమొకటి వ్రాయమని కార్యవర్గ మిత్రులు కోరారు. ఇబ్రహీంపట్నం అనగానే పెద్ద చెరువు, ఇబ్రహీం కుతుబ్‌షా కాలం గుర్తుకు వస్తాయి. వాటిని గురించి నాకంటె బాగా వ్రాయగల పెద్దలు మనలో ఉన్నారు. అందుచేత నేను నా ఉద్యోగకాలంలో పరిచయమైన మరొక విషయం ఎంచుకున్నాను. బొగ్గు గని లోపల తవ్వుతుంటే పైన నేల ఎంత కుంగుతుంది, ఆ కుంగుబాటును ఎవరు, ఎట్లా కొలుస్తారు, ఆ కొలత ఎవరికి పనికి వస్తుంది అన్నదే ఆ విషయం.

మన ఊరి కింద బొగ్గు లేదు కదా, మనకెందుకు అని కొందరు అనవచ్చు. నిజమే. మన కింద ఉన్నది గట్టి గ్రానైటు రాయి. కాని మన సభ్యులలో కొత్తగూడెం, ఇల్లందు, బెల్లంపల్లి, గోదావరిఖని వైపు పనిచేసి వచ్చినవారు ఉన్నారు. కొందరి పిల్లలు, అల్లుళ్ళు సింగరేణిలోనే ఉద్యోగం చేస్తున్నారు. రిటైరైనవాడి గ్రాట్యుటీ డబ్బు చివరకు చేరేది ఒక ఇంటిలోనో, ఒక స్థలంలోనో. ఆ స్థలం కింద ఏమున్నదో తెలుసుకోవడం ఎవరికైనా అవసరమే.

బొగ్గు దొరికిన నేల

ఆ ప్రాంతాన్ని మొట్టమొదట శాస్త్రీయంగా కొలిచినది బొగ్గు కోసం కాదు, దేశపటం కోసం. కర్నల్ లాంబ్టన్ 1802లో మద్రాసు దగ్గర ఆరంభించిన త్రికోణమితి సర్వే నిజాం రాజ్యంలోనికి వచ్చిన తరువాత, ఆయన దగ్గర సహాయకునిగా చేరిన జార్జి ఎవరెస్టు 1819లో కృష్ణా గోదావరి నదుల నడుమ ఉన్న అడవుల్లో పనిచేశాడు. అక్కడి అడవి జ్వరం ఆయనను ఎంతగా పట్టుకున్నదంటే, కోలుకోవడానికి ఆఫ్రికా దక్షిణపు కొసన ఉన్న కేప్ దాకా వెళ్ళవలసి వచ్చింది. ప్రపంచంలో ఎత్తైన శిఖరానికి పెట్టినది ఈయన పేరే.

తరువాత సుమారు యాభై ఏండ్లకు, 1871లో, జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లందు దాపున బొగ్గు ఉన్నదని గుర్తించాడు. ఆయన పేరు 'కింగ్ సీమ్' అనే బొగ్గు పొర పేరులో నేటికీ నిలిచి ఉన్నది. 1886లో ఇంగ్లండులో రిజిస్టరైన హైదరాబాద్ (దక్కన్) కంపెనీ తవ్వకపు హక్కులు పొందింది. 1889లో ఇల్లందులో బొగ్గు తీయడం మొదలైంది. సమీపంలోని సింగరేణి అనే పల్లె పేరే కంపెనీకి వచ్చింది. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీగా రిజిస్టరైంది. 1945లో నిజాం ప్రభుత్వం దానిలో అధిక వాటాలు కొన్నది. రాష్ట్రాలు మారినా ప్రభుత్వ వాటా మాత్రం అట్లాగే వచ్చింది. నేడు తెలంగాణ ప్రభుత్వానిది 51 శాతం, కేంద్రానిది 49 శాతం.

ఈ విధంగా ఇల్లందుతో ఆరంభమై బెల్లంపల్లి, కొత్తగూడెం, రామగుండం, మందమర్రి, శ్రీరాంపూర్, భూపాలపల్లి వరకు గోదావరి లోయ పొడుగునా గనులు వెలిశాయి. గని పక్కన కాలనీ, కాలనీ పక్కన బజారు, బజారు పక్కన ఇండ్లు వచ్చాయి. అడవి పోయి ఊళ్ళు అయినాయి. ఊళ్ళు పైన, గనులు కింద. ఇక్కడే మన కథ మొదలవుతున్నది.

కింద తీస్తే పైన ఏమవుతుంది

మన వైపు పాత పద్ధతి తవ్వకానికి బోర్డ్ అండ్ పిల్లర్ అని పేరు. బొగ్గు పొరలో నిలువుగా, అడ్డంగా వీధుల వలె దారులు తీస్తారు. దారుల మధ్య పెద్ద పెద్ద బొగ్గు దిమ్మెలు మిగులుతాయి. అవే పిల్లర్లు. పైకప్పును మోసేవి ఇవే. ఇంతవరకే తవ్వి ఆగిపోతే పైన నేల దాదాపు కదలదు. కాని ఎక్కువ బొగ్గు ఆ పిల్లర్లలోనే ఉంటుంది. అందుచేత రెండవ విడతలో, ఒక మూల నుంచి వెనక్కు వస్తూ, ఆ పిల్లర్లను కూడ తీసివేస్తారు. దీనినే గనుల్లో డీపిల్లరింగ్ అంటారు. బొగ్గు తీసిన ఖాళీ భాగాన్ని గోఫ్ అంటారు. అక్కడ కప్పు కూలుతుంది, కూలాలి కూడ. కూలకుండ వేలాడితే పనివారికి మరింత ప్రమాదం.

మొదట దగ్గరి కప్పురాయి ముక్కలై పడుతుంది. పగిలిన రాయి గట్టి రాయికంటె ఎక్కువ చోటు పడుతుంది. ఒక బండను కొట్టి కంకర చేస్తే కుప్ప ఎంత పెద్దదవుతుందో మనకు తెలిసిందే. ఆ కంకరతో ఖాళీ కొంతవరకు నిండుతుంది. పైనున్న రాతిపొరలు విరగక వంగుతూ దాని మీద ఆనుకుంటాయి. ఆ వంపు పొర తరువాత పొరగా పైకి ప్రాకి చివరకు నేల ఉపరితలం మీద వెడల్పయిన పళ్ళెం వలె కనిపిస్తుంది. బొగ్గు తీసిన హద్దుతో ఈ పళ్ళెం ఆగదు. హద్దు దాటి కొంత బయటికి కూడ పాకుతుంది. లోతు ఎక్కువైన కొద్దీ ఆ పాకుడు దూరం పెరుగుతుంది.

ఎంత కుంగుతుందన్నది తీసిన బొగ్గు మందం, లోతు, తీసిన భాగపు వెడల్పు, పైరాయి గట్టితనం అనే నాలుగింటి మీద ఆధారపడుతుంది. కప్పు కూలనిచ్చే పద్ధతిలో, వెడల్పుగా తీసినచోట, తీసిన మందంలో సగం దాకా, ఒక్కొక్కచోట అంతకు మించి కూడ నేల దిగుతుంది. మూడు మీటర్ల బొగ్గు తీస్తే పైన మనిషి నిలువు దిగడం సాధ్యమేనన్నమాట. అదే ఖాళీని నీటితో కలిపిన ఇసుకతో నింపితే ఈ దిగుడు మందంలో పదో వంతు లోపునకు తగ్గుతుంది. దీనినే స్టోయింగ్ అంటారు. గోదావరి ఇసుక ఎన్నో ఏండ్లు ఈ పనికి గనుల్లోకి వెళ్ళింది. ఊరి కింద, రైలు మార్గం కింద బొగ్గు తీయాలంటే ఇసుకే దిక్కు.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి. ఇంటికి నష్టం చేసేది దిగుడు మాత్రమే కాదు, తేడా దిగుడు. ఇల్లు మొత్తం ఒకే మాదిరిగా ఒక అడుగు దిగితే గోడ పగలకపోవచ్చు. ఒక మూల దిగి మరొక మూల నిలిస్తేనే గోడ చీలుతుంది. పళ్ళెం అంచుల దగ్గర నేల సాగుతుంది, మధ్యలో నొక్కుకుంటుంది. మీటరుకు మూడు మిల్లీమీటర్లు సాగిందనుకుందాము. వినడానికి ఎంతో చిన్న లెక్క. పది మీటర్ల గోడ కింద అది మూడు సెంటీమీటర్లు. ఇటుక గోడ అంత సాగదు, పగులుతుంది.

లోతు తక్కువగా ఉన్న పాత పనుల తీరు వేరు. అక్కడ పళ్ళెం ఏర్పడదు, ఉన్నట్టుండి బావి వలె గుంత పడుతుంది. పిల్లర్లు మిగిల్చి వదిలేసిన చోట ఏండ్ల తరబడి నీరు తగిలి అవి చివికి, ఎప్పుడో ఒక వానాకాలంలో కూలవచ్చు. తవ్వినవారు, తవ్వించినవారు ఇద్దరూ లేని కాలంలో ఆ కూలుడు వస్తుంది. అప్పుడు మిగిలేది పటం ఒక్కటే. అదీ ఎవరైనా దాచి ఉంచితేనే.

కొలిచే విధానము

రైల్వే స్టేషన్ బోర్డు మీద ఊరి పేరు కింద సముద్రమట్టానికి ఎన్ని మీటర్ల ఎత్తో వ్రాసి ఉంటుంది. మనమందరం బండి కోసం ఎదురుచూస్తూ చదివినదే. ఆ అంకె వెనుక పెద్ద చరిత్ర ఉన్నది. 1858లో మన దేశంలో ఎత్తుల కొలత ఆరంభమైంది. 1909లో విశాఖపట్నం, మద్రాసు, బొంబాయి మొదలైన తొమ్మిది రేవుల సముద్రమట్టాలతో ముడిపెట్టి దేశమంతటి ఎత్తులను సరిచేశారు. ఆ లెక్కను నేల మీద నిలిపిన గుర్తులే బెంచ్‌మార్కులు. పాత కచేరీ గోడల మీద, వంతెనల మీద బాణం గుర్తుతో చెక్కిన రాళ్ళను మనలో చాలామంది చూచే ఉంటారు.

గని మీది కొలత కూడ ఇదే సూత్రం. తవ్వబోయే భాగం మీద నేలలో వరుసగా సిమెంటు దిమ్మెలు పాతుతారు. ప్రతిదానిలో ఒక ఇనుప కడ్డీ ఉంటుంది. ఒక వరుస నిలువుగా, ఒక వరుస అడ్డంగా సాగి తవ్వకపు హద్దు దాటి బయటికి వెళ్తాయి. కదలని నేల మీద, బాగా దూరంగా, ఒక మూల దిమ్మె ఉంటుంది. లెవెల్ యంత్రం, అంకెల పట్టీ తీసుకొని సర్వేయరు ఆ మూల దిమ్మె నుంచి బయలుదేరి ప్రతి దిమ్మె ఎత్తు చూచి పుస్తకంలో వ్రాసుకొంటాడు. తిరిగి మూల దిమ్మెకు వచ్చి లెక్క ముడిపడిందో లేదో చూచుకుంటాడు. మన ఖజానా లెక్క సాయంత్రానికి టాలీ కావలసినట్టే అన్నమాట.

ఈ పనిలో ప్రాణమంతా మొదటి కొలతలో ఉన్నది. పిల్లర్లు తీయడానికి ముందే దానిని తీసి ఉంచుకోవాలి. తరువాత పని సాగిన కొద్దీ కొన్ని రోజులకో వారాలకో మళ్ళీ మళ్ళీ చూస్తారు. మాటవరుసకు, ఒక దిమ్మె మొదట 152.340 మీటర్లు ఉండి, తరువాత 151.925 అయిందనుకుంటే అక్కడ నేల 41.5 సెంటీమీటర్లు కుంగింది. దిమ్మెల మధ్య దూరం కూడ కొలిస్తే నేల ఎంత సాగిందో, ఎంత నొక్కుకుందో తెలుస్తుంది. పని ఆగిన తరువాత కూడ అంకె మారడం మానేదాకా చూడాలి. మొదటి కొలత లేకపోతే తరువాతి వంద కొలతలు ఉన్నా, అప్పటికే ఎంత దిగిందో ఎవరూ చెప్పలేరు.

చెప్పడం సులభమే. ఆ దిమ్మెలు ఉండేది మనుషులు, పశువులు తిరిగే నేల మీద. నాగలి తగులుతుంది, బండి చక్రం ఎక్కుతుంది, పిల్లలు ఇనుప కడ్డీ ఊడబెరుకుతారు. ఎండలో, వానలో, తుప్పల్లో దిమ్మెను వెదుక్కుంటూ పోయే సర్వేయరు, ఆయన వెంట పట్టీ మోసే చైన్‌మన్ – వీరి పేర్లు ఏ చరిత్ర పుస్తకంలోను రావు. లోపల బొగ్గు ఎన్ని టన్నులు తీశారో పత్రికలకు ఎక్కుతుంది. పైన ఎన్ని సెంటీమీటర్లు దిగిందో ఆ ఫీల్డ్ బుక్కులోనే ఉండిపోతుంది.

పగుళ్ళను కూడ గుర్తించి మట్టితో పూడ్చాలి. ఇది పైవారి కోసమే కాదు, కిందివారి కోసం కూడ. పగులు గుండా వాన నీరు దిగితే గనిలో వరద ప్రమాదం. గాలి దిగితే మిగిలిన బొగ్గు తనంతట తానే వేడెక్కి అంటుకుంటుంది. జార్ఖండ్‌లోని ఝరియాలో 1916 నుంచి ఈనాటి వరకు నేల కింద మంటలు ఆరలేదు. 2009లో కేంద్ర ప్రభుత్వం ఝరియా, రాణీగంజ్ ప్రాంతాలకు మాస్టర్ ప్లాన్ ఆమోదించి జనాన్ని వేరేచోటికి తరలించే పని పెట్టుకోవలసి వచ్చింది.

పహాణీలో లేని లెక్క

1970ల చివర కొంతకాలం నేను గనుల ప్రాంతపు ఒక తాలూకా కచేరీలో గుమాస్తాగా ఉన్నాను. ఒక చిన్న రైతు దరఖాస్తు పెట్టుకున్నాడు. చెరువు కింద అతనికి రెండెకరాల లోపు తరి పొలం ఉన్నది. రెండేండ్ల నుంచి నీరు ఒక మడిలోనే నిలిచిపోయి కింది మళ్ళకు పారడం లేదనీ, నేల దిగిందనీ అతని మాట. "తాత కాలం నుంచి పారిన మడి దొరా, ఇప్పుడు పారుత లేదు" అని ప్రతివారం వచ్చి చెప్పేవాడు.

ఫైలు నడిచింది. సర్వేయరు గొలుసు తీసుకొని వెళ్ళి టీపన్ ప్రకారం హద్దులు కొలిచాడు. అన్నీ సరిపోయాయి. "విస్తీర్ణములో తేడా లేదు" అని రిపోర్టు వచ్చింది. అది అబద్ధం కాదు. నేల కుంగినా ఎకరం ఎకరమే, గుంట గుంటే. గని వైపు నుంచి అడిగితే వారి దగ్గర దిమ్మెల కొలతలు ఉన్నాయి కాని ఆ వరుస ఇతని పొలానికి కొంత దూరంలోనే ముగిసింది. ఆ పొలం ఇంతకు ముందు ఎంత ఎత్తున ఉండేదో చెప్పే కాగితం ఎవరి దగ్గరా లేదు. చెప్పగలిగినది పారని నీరు ఒక్కటే. నీటి సాక్ష్యం ఫైలులో పెట్టడానికి వీలుకాదు. చివరకు ఆ రైతు తన ఖర్చుతో మట్టి తోలించి ఒక మడి చదును చేసుకొని, తక్కిన దానిలో వరి మాని జొన్న వేశాడు.

ఆ ఫైలు నన్ను చాలాకాలం ఆలోచింపజేసింది. సేత్వార్ చూడండి, టీపన్ చూడండి, 1954-55 నాటి ఖాస్రా పహాణీ చూడండి. పొడుగు, వెడల్పు, శిస్తు, కాస్తుదారు, పంట, చెట్లు, బావి అన్నీ ఉంటాయి. ఎత్తు అనే కాలం మాత్రం లేదు. ఎందుకుంటుంది? శిస్తు విస్తీర్ణం మీద వేసేవారు, ఎత్తు మీద కాదు. ఆ రికార్డు తయారుచేసినవారు నేల కదలదనే నమ్మకంతో చేశారు. 2020 అక్టోబరులో ధరణి వచ్చింది. 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. కాగితం కంప్యూటరు అయింది కాని రైతుకు ముఖ్యంగా కనిపించేది నేటికీ సర్వే నంబరు, విస్తీర్ణమే.

తరి పొలానికి ఎత్తే ప్రాణం. కాలువ నీరు పల్లానికి పారుతుంది. పల్లం చోటు మారితే కాలువ ఉండీ లేనట్టే. మన ఇబ్రహీంపట్నం చెరువు కింద సాగు చేసిన కుటుంబాలకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. తూము కంటె చెయ్యెత్తు మీద ఉన్న మడికి చెరువు నిండినా నీరు రాదు.

చట్టము చెప్పినది

చట్టం ఈ విషయాన్ని పూర్తిగా విడిచిపెట్టలేదు. 1952 గనుల చట్టం కింద వచ్చిన 1957 బొగ్గు గనుల నిబంధనల ప్రకారం రైలు మార్గం, ప్రజల రోడ్డు, ఇతరుల భవనం వీటికి 45 మీటర్ల లోపున తవ్వాలంటే గనుల భద్రతా శాఖ ముందస్తు అనుమతి ఉండాలి. నది, కాలువ, చెరువు కింద గాని, వాటి ఒడ్డుకు 15 మీటర్ల లోపున గాని అనుమతి లేక పని చేయరాదు. పిల్లర్లు తీయడానికి విడిగా అనుమతి కావాలి. ఆ అనుమతికి పెట్టే షరతుల్లోనే పైన దిమ్మెలు పాతి కొలవాలి, పగుళ్ళు పూడ్చాలి, కంచె వేయాలి అన్నవి వస్తాయి. గని పటాన్ని మూడు నెలలకొకసారి అప్పటి స్థితికి తేవాలి. 2017లో ఈ నిబంధనల స్థానంలో కొత్తవి వచ్చినా మూలసూత్రం ఇదే.

దీని వెనుక ఇతర దేశాల అనుభవం ఉన్నది. బెల్జియంలోని లీజ్ పట్టణంలో ఇండ్లు పగిలి వివాదాలు రేగడంతో పందొమ్మిదవ శతాబ్దంలోనే ఇంజనీర్లు ఈ శాస్త్రానికి పునాది వేశారు. ఇంగ్లండులో మూతపడిన గనుల పటాలను ప్రభుత్వానికి అప్పగించాలని 1872లోనే చట్టం చేశారు. 1950లో చిన్న ఇండ్లకు, 1957లో తక్కిన ఆస్తులకు కూడ కుంగుబాటు నష్టం భర్తీ చేసే చట్టాలు తెచ్చారు. జర్మనీలోని ఎస్సెన్ ప్రాంతంలో నేల కొన్నిచోట్ల 20 మీటర్లకు పైగా దిగింది. అక్కడ చివరి బొగ్గు గని 2018 డిసెంబరులో మూతపడింది. కాని ఆ పల్లంలో నీరు నిలవకుండ పంపులు నేటికీ నడుస్తున్నాయి, ఇక ఆపడానికి లేదు. బొగ్గు ఆదాయం ఆగినా నేల ఖర్చు ఆగలేదు.

మన దగ్గర ధన్‌బాద్‌లోని కేంద్ర గనుల పరిశోధన సంస్థ 1956లో ఏర్పడింది. 2007 నుంచి దాని పేరు సింఫర్. గని కింద ఎంత తీస్తే పైన ఎంత దిగుతుందో ముందుగా అంచనా కట్టే లెక్కలు అక్కడివారు మన రాళ్ళకు తగినట్టుగా చేశారు. ఇంగ్లండు సూత్రం తెచ్చి మన గని మీద పెడితే సరిపడదు. అక్కడి రాయి వేరు, గోదావరి లోయలోని ఇసుకరాయి వేరు. అందుచేత ఇక్కడి దిమ్మెల మీద తీసిన ప్రతి అంకె ఆ శాస్త్రానికి ముడిసరుకే.

దిమ్మె నుంచి ఉపగ్రహము వరకు

సింగరేణిలో పద్ధతులు మారుతూ వచ్చాయి. 1975లో ఓపెన్‌కాస్ట్ తవ్వకం వచ్చింది. 1983లో లాంగ్‌వాల్ వచ్చింది. దీనిలో పిల్లర్లు ఉండవు. పొడవైన బొగ్గు గోడను యంత్రం చెక్కుకుంటూ పోతుంది, వెనుక కప్పు కూలుతూ వస్తుంది. రామగుండం వైపు అడ్రియాలలో 2014లో మొదలైన లాంగ్‌వాల్ గోడ వెడల్పు సుమారు 250 మీటర్లు. ఇంత వెడల్పుగా తీస్తే పైన పళ్ళెం స్పష్టంగానే ఏర్పడుతుంది. అయితే ముందుగానే లెక్క కట్టవచ్చు, ఎప్పుడు ఎక్కడ దిగుతుందో చెప్పవచ్చు. ఇప్పుడు బొగ్గులో ఎక్కువ భాగం ఓపెన్‌కాస్ట్‌దే. భూగర్భ గనులు తగ్గుతున్నాయి. కాని మూసిన గని కింద ఖాళీ మూసుకుపోదు. వందేండ్ల పని ఊళ్ళ కింద అట్లాగే ఉన్నది.

కొలత సాధనాలు కూడ మారాయి. గొలుసు పోయి టోటల్ స్టేషన్ వచ్చింది, జి.పి.యస్. వచ్చింది. 1991లో ఐరోపావారు పంపిన ఇ.ఆర్.ఎస్.-1 ఉపగ్రహం తరువాత ఆకాశం నుంచి రాడారు కిరణాలతో నేల కదలికను కొలవడం సాధ్యమైంది. ఒకే చోటును ఉపగ్రహం రెండుసార్లు చూచి, తిరిగివచ్చిన కిరణాల తేడాను బట్టి నేల ఎంత కదిలిందో లెక్కకడతారు. 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి మన ఇస్రో, అమెరికా నాసా కలిసి చేసిన నిసార్ ఉపగ్రహాన్ని పంపారు. పన్నెండు రోజులకొకసారి అదే చోటును చూడగలదు. చెట్టు చేమ ఉన్నచోట కూడ నేలను పట్టగల పెద్ద తరంగం దానిలో ఉన్నది.

ఉపగ్రహాల సమాచారం అందుకొనే కేంద్రం షాద్‌నగర్‌లో ఉన్నది. 2016 అక్టోబరు నుంచి షాద్‌నగర్ మన రంగారెడ్డి జిల్లాలోనిదే. 1978లో జిల్లా ఏర్పడిన నాటి నుంచి 2016 వరకు మనదిగా ఉన్న ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియావారి శిక్షణ సంస్థ ఉన్నది. దేశంలో ఎందరో సర్వేయర్లు లెవెల్ పట్టడం నేర్చినది అక్కడే. బొగ్గు మన దగ్గర లేకపోయినా, కొలిచే విద్య మన ఇరుగుపొరుగునే ఉన్నదని చెప్పుకోవచ్చు.

ఉపగ్రహం వచ్చింది కనుక దిమ్మె పని తీరిందనుకోరాదు. మీటరు లెక్కన వేగంగా దిగితే రాడారు లెక్క తప్పిపోతుంది. దాని అంకె సరైనదో కాదో నేల మీది దిమ్మెతోనే సరిచూడాలి. అదీకాక, ఉపగ్రహం తాను పుట్టకముందు దిగిన నేలను చూడలేదు. 1940లో దిగినది 1940లో వ్రాసి ఉంచితేనే తెలుస్తుంది. ఏ కాలానికి ఆ కాలపు గుమాస్తా కావలసిందే.

మనము చేయదగినది

మన సభ్యులకు, వారి పిల్లలకు ఉపయోగపడగలవని కొన్ని మాటలు చెప్పి ముగిస్తాను.

గనుల ప్రాంతంలో ఇల్లు, స్థలం కొనేవారు లింకు డాక్యుమెంట్లు, ఇ.సి. చూచినట్టే కింద పని జరిగిందా, పిల్లర్లు ఉన్నాయా, తీసివేశారా, ముందు ముందు తీస్తారా అని గని కార్యాలయంలో వ్రాతపూర్వకంగా అడగాలి. ప్రభుత్వ సంస్థ కనుక 2005 సమాచార హక్కు చట్టం కింద అడిగే హక్కు ఉన్నది.

గోడకు పగులు వస్తే వెంటనే సున్నం పూసి కప్పివేయకండి. పగులు చివర పెన్సిలుతో గీత గీసి తేదీ వేయండి. పగులుకు అడ్డంగా చిన్న గాజుముక్కను సిమెంటుతో అతికించి ఆ మీద కూడ తేదీ వ్రాయండి. కదలిక ఉంటే గాజు పగులుతుంది. మన పి.డబ్ల్యు.డి. మిత్రులు పాత భవనాలకు చేసే పనే ఇది. తేదీతో ఫొటో తీసి పెట్టుకోండి. బావి నీటి మట్టం మారితే అదీ వ్రాసుకోండి. పగులు వచ్చిన ప్రతి ఇల్లూ గని వల్లనే పగిలిందని కాదు. పునాది లోపం, నల్లరేగడి ఉబ్బడం వంటి కారణాలు ఉంటాయి. ఏది కారణమో తేల్చేది కూడ ఆ తేదీల వరుసే.

ఇక ప్రభుత్వం చేయదగినది ఒకటి ఉన్నది. గని మీద దిమ్మెల వరుస వేసినప్పుడు చుట్టుపట్ల పొలాలకు, ఇండ్లకు కూడ తవ్వకానికి ముందే ఒక ఎత్తు అంకె తీసి, దాని నకలు తహశీలు కార్యాలయంలోను, గ్రామపంచాయతీలోను ఉంచితే చాలు. నేటి సాధనాలతో ఇది పెద్ద ఖర్చు కాదు. సర్వే నంబరు పక్కన ఒక్క కాలం పెంచడమే. ఆ కాలం 1970లలో ఉన్నట్లయితే ఆ రైతు ఫైలులో "విస్తీర్ణములో తేడా లేదు" అన్న మాట తరువాత మరొక వాక్యం ఉండేది.

మనమంతా జీవితమంతా రిజిస్టర్లు వ్రాసినవారము. తేదీ వేసి, సంతకం చేసి, నంబరు ఇచ్చి దాచిన కాగితం ఏనాటికో ఒకరి ఇంటిని, ఒకరి మడిని నిలబెడుతుందని మనకు తెలుసు. మన పిల్లలకు, మనుమలకు ఈ అలవాటు ఒక్కటి నేర్పినా మేలు.



– ఒక విశ్రాంత గుమాస్తా, ఇబ్రహీంపట్నం, రంగారెడ్డి జిల్లా